తలారికి సెలవిచ్చిన మహర్నవమి

భాద్రపద బహుళ తదియ

ఈ దిబ్బ మీద తేదీలతో ఎవరికీ పనిలేదు. సముద్రంలో స్తంభాలేసి కట్టుకున్న ఊరు. పోటూ పాటూ చంద్రుణ్ణి బట్టి వస్తాయి కాబట్టి జీతాల దగ్గర్నుంచి పెళ్లిళ్ల దాకా అన్నీ తిథుల మీదే నడుస్తాయి. నేనూ తిథి వేసే రాస్తున్నాను.

నా పేరు దాట్ల వైదేహి. సూరపరాజుగారి రొయ్యల కంపెనీలో కాపలా సెక్షన్ నాది. సెక్షన్ అంటే నేను, ఒక కుర్చీ, తలారి. తలారి మనిషి కాదు, ప్రోగ్రాము. మా కంపెనీ మొత్తం క్లౌడ్ మీద నడుస్తుంది. తొట్టెల్లో నీటికి గాలి పట్టించే ఏరియేటర్లు, మేత, తలుపులు, జీతాలు, సరుకు పడవలు, ఏది కదలాలన్నా పైనుంచి ఆర్డరు రావాలి. ఆ క్లౌడ్‌లోకి ఎవరొస్తున్నారో చూసి, తేడాగా ఉంటే తలుపు వేసేసి నన్ను పిలవడం తలారి పని. అది చెప్పింది చదివి ఈ దినచర్య రాయడం నా పని. సెక్షన్ హెడ్డులందరూ దీన్ని నెలకోసారి చదవాలని రూలుంది. ఇప్పటిదాకా ఒక్కరూ చదివిన పాపాన పోలేదు. అందుకే ఇష్టమొచ్చినట్టు రాసుకుంటున్నాను.

ఇవాళ మేత సెక్షన్ బాలయోగి మజ్జిగ కోసం నా గదికి వచ్చాడు. మాటల్లో ఆరో తొట్టెకి రెండుసార్లు మేత పడిందని చెప్పాడు.

"మెషిన్‌కి మతిమరుపు వచ్చిందండి. సరిచేసేశాం లెండి."

"నాకెందుకు చెప్పలేదయ్యా?"

"మేత గొడవ కదండీ, తమరికెందుకనీ."

నాకు నచ్చనిది ఇంకొకటుంది. మా కంపెనీకి చుట్టాల తాళాలు ఎక్కువ. తాళమంటే ఇనుపది కాదు, క్లౌడ్‌లోకి రావడానికి ఇచ్చే అనుమతి. సరుకు కొనేవాళ్లు వస్తే ధరలు చూసుకోమని ఒకటి, పరిశోధన చేసేవాళ్లు వస్తే ఒకటి, వియ్యాలవారు వచ్చి తొట్టెలు చూసి ముచ్చటపడితే వాళ్లకో తాళం. ఇవ్వడమే తప్ప తీసుకోవడం లేదు. కొనడం మానేసినవాళ్ల దగ్గరా ఉన్నాయి, దుకాణం ఎత్తేసినవాళ్ల దగ్గరా ఉన్నాయి. తలారి వాటిమీద ఓ కన్నేసి ఉంచుతుంది కాబట్టి రోజులు గడుస్తున్నాయి.

కాలవ గట్టు మీద పాత ఆఫీసు ఉన్న రోజుల్లో ఈ బాధ లేదు. అప్పుడు మా కంప్యూటర్లు మా దగ్గరే, చల్లగదిలో ఉండేవి. నాకు పని నేర్పిన నాగభూషణంగారు దానికి కాపలా. ఎండాకాలం కంపెనీ మొత్తానికి చల్లగా ఉండేది అదొక్కటే. మధ్యాహ్నమయ్యేసరికి ఏదో ఒక వంకతో అందరూ క్యారేజీలు పట్టుకుని చేరేవాళ్లు. ఆయన తిట్టేవారు, తిడుతూనే జరిగి చోటిచ్చేవారు. ఏ తొట్టెకి మేత ఎక్కువైందో, ఎవరి జీతం తక్కువైందో, అన్నీ ఆ అన్నాల దగ్గరే తెలిసిపోయేవి. ఆయన పోయి చాలాకాలమైంది. ఆ వంకాయ కూర వాసనా, ఆ మిషన్ల హోరూ తలుచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

భాద్రపద బహుళ ఏకాదశి

ఇవాళ మీటింగులో చుట్టాల తాళాల సంగతి ఎత్తాను. పనిలేనివాళ్ల దగ్గర ఉన్నవి తీసేద్దామన్నాను. ఏ సెక్షన్ ఇచ్చిన తాళం ఆ సెక్షనే తీయాలి, నా అంతట నేను తీయకూడదు.

సూరపరాజుగారు నొచ్చుకున్నారు. "అమ్మా, ఇచ్చిన తాళం వెనక్కి అడిగితే ఏం బాగుంటాది చెప్పండి. వడ్డించిన విస్తరి ముందునించి మనిషిని లేపేసినట్టుంటాది. మా బావగారి దగ్గరొకటుంది. పిల్లనిచ్చిన చోట ఆ మాట నా నోటితో ఎలా అంటానండీ?"

తల్లుల గది చూసుకునే కొల్లాటి మంగతాయారు కూడా తల అడ్డంగా ఊపింది. "నేను ఇచ్చింది ఒక్కటే అక్కా. ఆ పరిశోధన చేసే పెద్దాయన. ఎప్పుడైనా నా తల్లుల్ని చూసుకుని మురిసిపోతాడు పాపం."

తల్లులంటే తల్లి రొయ్యలు. సముద్రం వేడెక్కాక ఈ తీరంలో తల్లి రొయ్య దొరకడం మానేసింది. మంగతాయారు గదిలో ఉన్నవే మాకు విత్తనం. అవి పోతే పిల్ల లేదు, పిల్ల లేకపోతే పంట లేదు, పంట లేకపోతే ఈ దిబ్బ మీద ఎవరూ ఉండక్కర్లేదు. ఆ సంగతి మీటింగులో ఉన్న అందరికీ తెలుసు. తాళాలకీ తల్లులకీ ఉన్న సంబంధమే ఎవరికీ పట్టలేదు. "అది కంప్యూటరోళ్ల గొడవండి" అన్నాడు బాలయోగి. దాంతో ఆ విషయం అయిపోయింది.

మొహాలన్నీ ముడుచుకున్నాయని నేనే మాట మార్చాను. పాత ఆఫీసులో మహర్నవమికి ఆయుధపూజ ఎలా చేసేవాళ్లమో చెప్పాను. చల్లగదిలో మిషన్లన్నీ ఆపేసి, వాటికి బంతిపూల దండలేసి, కుంకుమ పెట్టి, ఆ పూట ఎవరూ ఏ పనిముట్టూ ముట్టుకోకుండా కూర్చుని పులిహోర తినేవాళ్లం. దిబ్బ మీదికి వచ్చాక ఆ పద్ధతి పోయింది. సూరపరాజుగారి కళ్లు మెరిశాయి.

"చేద్దామమ్మా. ఈ ఏడు చేసి తీరదాం."

మీటింగుకి వెళ్లింది ఒకందుకు, సాధించుకొచ్చింది ఇంకొకటి. అయినా సంతోషంగానే ఉంది.

ఆశ్వయుజ శుద్ధ విదియ

ఆహ్వానాలు వెళ్లాయి. పిలవాల్సినవాళ్ల పేర్లు కావాలని బాలయోగి అడిగితే చుట్టాల తాళాల పేర్లే ఇచ్చాను, మాకు కావలసినవాళ్లంతా అందులోనే ఉన్నారు కాబట్టి. సూరపరాజుగారు స్వయంగా రాయించారు. ఆ రోజు ఉదయం నుంచి మర్నాటి ఉదయం దాకా మా కంపెనీలో సమస్త యంత్రాలకూ విశ్రాంతి, తప్పక దయచేయండి అని.

రెండు చిన్న సంగతులు. జీతాల సెక్షన్‌లో పేర్లు తారుమారై ఒకరి జీతం ఇంకొకరికి వెళ్లింది. వాళ్లలో వాళ్లు సర్దుకున్నారు. సరుకు పడవ ఒకటి మా రేవుకి కాకుండా పక్క రేవుకి పోయింది. పడవ సెక్షన్ నవ్వుకుని ఊరుకుంది. ఈ రెండూ నాకు వంటశాలలో తెలిశాయి. తలారి మాత్రం ఎవరో చుట్టం తాళంతో వచ్చి ఒక్కో తలుపూ తోసి చూసి పోతున్నారని మూడుసార్లు చెప్పింది. మూడుసార్లూ తలుపు వేసేసింది. ఇలా జరుగుతోంది, మేత మతిమరుపూ జీతాలూ పడవా ఒకే చేతి పనేమో చూడండి అని అన్ని సెక్షన్లకీ రాశాను. ఎవరి నుంచీ జవాబు లేదు. పదిమందిలో పాము చావదని ఊరికే అన్నారా.

ఆశ్వయుజ శుద్ధ సప్తమి

ఏ యంత్రానికి సెలవు, దేనికి లేదు అని ఇవాళ తేల్చారు. ఏరియేటర్లు ఆపకూడదు, అవి తొట్టెల ఊపిరి. మిగతావన్నీ పనిముట్లు, వాటికి సెలవు. మేత యంత్రాలు, తక్కెడలు, పడవలు, వంటశాల పొయ్యి కూడా. వంట పక్క ఊళ్లో.

చివరికి తలారి దగ్గర ఆగారు.

"తలారి ఊపిరాండీ, పనిముట్టాండీ?" అన్నాడు బాలయోగి.

"కంప్యూటర్ సెక్షన్‌ది కదా, పనిముట్టే" అన్నారెవరో.

నేను ఒప్పుకోలేదు. చుట్టాల తాళాలు తిరుగుతున్నాయి, ఇప్పుడు కాదన్నాను. సూరపరాజుగారు నవ్వి నా భుజం మీద చెయ్యి వేసినంత ఆప్యాయంగా మాట్లాడారు.

"ఏడాది పొడుగునా అది కన్ను మూయలేదమ్మా. మీరూ మూయలేదు. ఒక్క పూట దాన్నీ పడుకోనివ్వండి, మీరూ వచ్చి మాతో తినండి. ఆ రోజుల్లో నాగభూషణంగారు ఆపలేదేంటి?"

ఆపేవారు. ఆపి, గది తాళం జేబులో వేసుకుని, అందరికంటే ముందు విస్తరి దగ్గర కూర్చునేవారు. ఒక్కనాడూ ఏమీ కాలేదు. ఆయన పేరు ఎత్తేసరికి నా నోరు మెత్తబడింది. సరేనన్నాను.

మహర్నవమి

తలారికి కుంకుమ ఎక్కడ పెట్టాలో తెలియక నా కుర్చీకి పెట్టాను. తెర మీద ఒక ప్రశ్న వేసింది, నిజంగా విశ్రాంతి ఇస్తున్నారా అని. అవునన్నాను. తెర నల్లబడింది.

ఎంత బాగుందో చెప్పలేను. ఎవరు ఏ సెక్షన్ వాళ్లో తెలియకుండా కలిసిపోయి కూర్చున్నారు. మంగతాయారు మూడు గారెలు తిని నాలుగోది నా విస్తట్లో వేసింది. పిలిచినవాళ్లలో సగం మంది వచ్చారు, రానివాళ్లు శుభాకాంక్షలు పంపారు. బాలయోగి పాట పాడాడు, పాడొద్దన్నా పాడాడు. ఏరియేటర్ల చప్పుడు తప్ప దిబ్బంతా నిశ్శబ్దం. చాలా ఏళ్ల తర్వాత నాకు పాత ఆఫీసులో ఉన్నట్టే అనిపించింది. ఇంతకంటే రాయడానికి లేదు.

విజయదశమి

తలారి లేవలేదు.

పొద్దున్నే వచ్చి లేపబోతే మీకు అనుమతి లేదంది. నా తాళం మార్చేశారు. ఒక్క నాదే కాదు, అందరివీ. తెరలన్నిటి మీదా ఒకటే మాట. మీ తొట్టెల ఊపిరి మా చేతిలో ఉంది, సాయంత్రం సముద్రం వెనక్కి తీసే పాటు మొదలయ్యేలోగా మేమడిగింది ఇవ్వండి అని. ఉత్తి మాట కాదని చూపించడానికి ముందు తల్లుల గదిలో ఏరియేటర్లు ఆపారు.

సూరపరాజుగారు పరుగున వచ్చారు. చెప్పుల్లేవు.

"ఇచ్చేద్దామమ్మా. ఎంతైనా ఇచ్చేద్దాం."

జీతాల సెక్షన్ ఆవిడ గోడకి ఆనుకుని ఉంది. "ఎక్కణ్ణించి ఇస్తామండీ? డబ్బూ ఆ తలుపు వెనకాలే ఉంది."

అప్పుడు అర్థమైంది అందరికీ. మేత గది తెరుచుకోవడం లేదు. పడవలు కదలడం లేదు. కబురు చేద్దామంటే ఫోనులూ ఆ క్లౌడ్ మీదివే. ఏ సెక్షన్ హెడ్డూ ఇది నాది కాదు అనడానికి లేకుండా పోయింది.

నేను ఒకటే దారి ఉందని చెప్పాను. క్లౌడ్‌తో సంబంధం తెంచేయాలి. తెంచితే వాళ్ల ఆర్డర్లు ఆగుతాయి, కానీ మిగిలిన ఏరియేటర్లూ ఆగిపోతాయి. చేతి స్విచ్చులు తుప్పు పడుతున్నాయని ఎప్పుడో పీకేశారు. ఒక్కో మోటారు వైరు కోసి కరెంటు డైరెక్టుగా ఇచ్చుకుంటూ రావాలి. ఆ లోపల ఏ తొట్టె పోతుందో చెప్పలేం. ఇన్నేళ్ల లెక్కలు, మేత వివరాలు, తలారి కూడా పైనే ఉండిపోతాయి.

సూరపరాజుగారు మంగతాయారు వైపు చూశారు. ఆవిడ అప్పటికే గునపం పట్టుకుని తల్లుల గది వైపు వెళుతోంది. ఆ తలుపూ క్లౌడ్‌దే.

"కోసేయండమ్మా" అన్నారాయన.

క్లౌడ్ నుంచి వచ్చే తీగ కోశాను. దిబ్బ మొత్తం ఒక్కసారి నిశ్శబ్దమైంది. నిన్నటి నిశ్శబ్దంలా లేదు.

అమ్మకానికి సిద్ధంగా ఉన్న తొట్టెల్లో రొయ్యల్ని ఇప్పుడే పట్టేయాలన్నాడు బాలయోగి. ఊపిరాడక పోయేలోగా పట్టుకుంటే కనీసం సరుకు దక్కుతుంది. చిన్న రొయ్యలున్న తొట్టెల్లో ఆక్సిజన్ మాత్రలు చల్లాం. కరెంటువాళ్లు వైర్లు కోసుకుంటూ ఒక్కో తొట్టెకీ పరిగెత్తారు. మిగిలినవాళ్లందరం వలల మీద పడ్డాం. జీతాల ఆవిడ చీర కుచ్చెళ్లు ఎగదోపి నడుముల్లోతు నీళ్లలో దిగింది. పడవల వాళ్లు ఐసు మోశారు. నేను వల ఒక కొస పట్టుకున్నాను, సూరపరాజుగారు రెండో కొస పట్టుకున్నారు.

నిజం రాస్తాను. ఆ వల లాగుతుంటే నాకు సంతోషం వేసింది. చిన్నప్పుడు నాన్న చెరువు గట్టున మకాంలో ఉండేవాళ్లం. రొయ్యలు పట్టే పట్టుబడి రోజున ఇలాగే అందరూ వల మీద ఉండేవాళ్లు, ఇలాగే అరుపులూ నీళ్లూ. చేతులు కోసుకుపోతున్నా నవ్వొచ్చింది నాకు. బాలయోగి కూడా నవ్వుతున్నాడు. అంత ఆపదలోనూ మాకు ఆ కాసేపు బాగుంది.

రెండు తొట్టెలు లాగాక తల్లుల గదికి వెళ్లాను. తలుపు విరిగి వేలాడుతోంది. మంగతాయారు తొట్టెలో మోకాళ్ల మీద కూర్చుని చెంబుతో నీళ్లెత్తి పైనుంచి పోస్తోంది, నీటికి గాలి తగలాలని. ఎత్తడం, పోయడం. తలుపు విరగడానికి చాలాసేపు పట్టిందట. తల్లులు అంచులకు చేరి మీసాలు పైకి పెట్టి ఉన్నాయి. చాలావాటికి మీసాలు కదలడం లేదు.

"నువ్వు పక్క తొట్టెలో నీళ్లు పొయ్యి అక్కా" అంది నా వైపు చూడకుండా.

పోశాను. నా నవ్వు ఎక్కడికి పోయిందో తెలియదు.

ఆశ్వయుజ శుద్ధ ద్వాదశి

తల్లుల్లో మూడొంతులు పోయాయి. ఒక వంతు మిగిలింది. అవి తేరుకుని గుడ్లు పెడతాయో లేదో మంగతాయారు కూడా చెప్పలేకపోతోంది. వచ్చే పంటలో చాలా తొట్టెలు ఖాళీగా ఉంటాయి.

ఎలా జరిగిందో పట్నం నుంచి వచ్చి క్లౌడ్‌ని మళ్లీ మా చేతికి తెస్తున్న కంప్యూటర్ నిపుణులు చూసి చెప్పారు. దుకాణం ఎత్తేసిన పాత బేరగాడి తాళం అది. వాళ్ల సామానుతో పాటు ఆ తాళమూ, వాళ్ల పేరున వచ్చే ఉత్తరాలూ ఎవరి చేతిలోనో పడ్డాయి. చాలా రోజులుగా తలుపులు తోసి చూస్తున్నారు, తలారి అడ్డం పడుతోంది. అది తలుపు వేసేలోగా వాళ్ల చెయ్యి తగలబట్టే మేతా జీతాలూ పడవా తారుమారయ్యాయి. ఎప్పుడు రావాలో వాళ్లకి ఎలా తెలిసిందని సూరపరాజుగారు అడిగారు. మనమే ఆహ్వానం పంపామండి అని చెప్పాను.

నాగభూషణంగారు చేసింది నేను చేయలేదని కూడా ఇప్పుడు తెలిసింది. ఆయన ఆపితే మిషన్లతో పాటు దారులన్నీ మూసుకుపోయేవి. నేను ఆపింది కాపలాని ఒక్కదాన్నే. ఇల్లంతా తెరిచి పెట్టి తలారిని పడుకోబెట్టాను. పైకి అదే పూజ, అవే పూలు.

ఆశ్వయుజ పౌర్ణమి

ఇవాళ మీటింగు. అందరూ వచ్చారు. అందరూ నా దినచర్య చదివి వచ్చారు, అదే మొదటిసారి. బాలయోగి తన పాట గురించి రాసింది కూడా చదివాడు.

సూరపరాజుగారు మొదలుపెట్టారు. "ఈ క్లౌడ్ వద్దండీ మనకి. మొన్న చేత్తో ఎంత బాగా చేసుకున్నాం. పాత రోజుల్లాగే చేసుకుందాం. దొంగలెక్కణ్ణించి వస్తారో చూద్దాం."

చుట్టూ తలలూగాయి. అందరికంటే ముందు ఊగాల్సింది నా తల. ఆ రోజులంటే నాకున్నంత ప్రేమ ఈ గదిలో ఇంకెవరికుంది? నాలుక చివరిదాకా వచ్చింది సరేనన్న మాట. కానీ ఎదురుగా మంగతాయారు చేతులు కనిపించాయి. గునపం పట్టిన చోట ఇంకా కట్లున్నాయి.

అప్పుడు నాన్న చెరువు సంగతి చెప్పాను. ఎప్పుడు మకాం గురించి చెప్పినా పట్టుబడి గురించే చెబుతాను, ఇది ఎవరికీ చెప్పలేదు.

"మా చెరువు పండగ నాడే పోయిందండి. మకాంలో అందరం కడుపునిండా తిన్నాం. ముసురు పట్టిన మధ్యాహ్నం. ఏరియేటర్లు తిప్పే డీజిల్ ఇంజను ఆగిపోయింది. నాన్న, బాబాయి చూస్తున్నాడనుకున్నాడు. బాబాయి, పాలేరు చూస్తున్నాడనుకున్నాడు. ఇద్దరు ఆసాములుండగా నాకెందుకనుకున్నాడు పాలేరు. ముగ్గురూ నిద్రపోయారు. లేచేసరికి చెరువంతా చచ్చిన రొయ్యలే. అప్పుడు క్లౌడ్ లేదు, దొంగ కూడా లేడు."

నేనే మళ్లీ అన్నాను. "పాత రోజులంటే నాకు ప్రాణం. ప్రాణమున్నవాటిని మాత్రం ఆ రోజులకి వదిలేయలేను. క్లౌడ్ ఉండనీయండి. కాపలా నా ఒక్కదాని పని అనుకోవడం మానేద్దాం. ఎవరి సెక్షన్ ఇచ్చిన తాళం వాళ్లు, ఇప్పుడే, ఇక్కడే తీయండి."

మంగతాయారు ముందు లేచింది. కొత్త ఫోను తీసుకుని ఆ పరిశోధన పెద్దాయనకి చేసి రెండు మాటల్లో చెప్పేసింది. తర్వాత బాలయోగి. తర్వాత పడవల వాళ్లు. చివరికి సూరపరాజుగారు మిగిలారు.

ఆయన ఫోను పట్టుకుని చాలాసేపు కూర్చున్నారు. నుదురంతా చెమట. కోట్ల బేరాలు కన్నార్పకుండా మాట్లాడే మనిషి. చివరికి చేశారు. స్పీకరు ఆపడం మరిచిపోయారు, అందరికీ వినిపించింది.

"బావగారూ, ఏమనుకోకండి. తప్పుగా అనుకోకండి మరి. మీ దగ్గర మా తాళం ఒకటుంది కదండీ, అది..."

అవతల నుంచి బావగారి గొంతు, తేలికపడినట్టుగా.

"హమ్మయ్య, అడిగారా బావగారూ. ఇన్నేళ్లూ వెనక్కిచ్చేద్దామనే ఉందండి మాకు. మేమే ఇచ్చేస్తామంటే మీరు నొచ్చుకుంటారేమోనని ఊరుకున్నాం."

సూరపరాజుగారు ఫోను బల్ల మీద పెట్టి తల వంచుకున్నారు. మంగతాయారు ఎవరి వైపూ చూడకుండా లేచి తల్లుల గదికి వెళ్లిపోయింది.